నాన్న పోసిన ఇసుక

మొన్న నాన్న సంవత్సరీకానికని విశాఖపట్నం వెళ్ళాను. ముందురోజు తెల్లవారుజామునే మెలకువ వచ్చేసింది. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. తమ్ముడి స్కూటీ తీసుకుని బీచ్ రోడ్డుకి వెళ్ళాను. కోస్టల్ బ్యాటరీ దాటి ఆర్కే బీచ్ వైపు వెళ్తుంటే గాలిలో ఒక వాసన తగిలింది. కుళ్ళిన కోడిగుడ్డు, నాచు, తుప్పు పట్టిన ఇనుము కలిస్తే ఎలా ఉంటుందో అలాంటి వాసన. వాకింగ్‌కి వచ్చిన ఇద్దరు ముక్కులు మూసుకుని గబగబా దాటిపోయారు. నేను బండి ఆపేసి పిట్టగోడ మీద కూర్చుండిపోయాను.

కింద ఒడ్డున లావుపాటి ఇనప గొట్టం. దాని నోట్లోంచి నల్లటి చిక్కటి నీళ్ళు బుసలు కొడుతూ ఇసుక మీదకి దూకుతున్నాయి. చుట్టూ కాకులు, నాలుగైదు తెల్ల కొంగలు. డ్రెడ్జర్ ఇసుక పోస్తోంది.

నా చిన్నతనమంతా మా నాన్న ఒంటి మీద ఉన్న వాసన అదే.

*

మా ఇల్లు బురుజుపేటలో, కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి రెండు వీధుల అవతల ఉండేది. నాన్న డ్రెడ్జర్ మీద ఖలాసీ. సముద్రం అడుగున పేరుకుపోయిన మట్టినీ ఇసుకనీ తవ్వి తీసే ఓడని డ్రెడ్జర్ అంటారు. ఓడ పక్క నుంచి ఏనుగు తొండంలాంటి గొట్టం నీళ్ళలోకి దిగి, అడుగునున్న ఇసుకని నీళ్ళతో సహా పీల్చి ఓడ పొట్టలో నింపుతుంది. ఆ పొట్టని హాపర్ అనేవాడు నాన్న. అది నిండాక ఓడ కదిలి వెళ్ళి, ఇసుక ఎక్కడ కావాలో అక్కడ గొట్టాల గుండా వదులుతుంది. ఒడ్డు మీద ఆ గొట్టాలని ఒకదానికొకటి చేర్చి బోల్టులు బిగించేవాళ్ళలో నాన్న ఒకడు.

ఆ ఉద్యోగానికి ఆదివారం సెలవనేం లేదు. షిఫ్టు ఎలా తిరిగితే సెలవు అలా వచ్చేది. అది తిరిగి తిరిగి ఆదివారం నాడు పడిందంటే మాకు పండగే. ఆర్కే బీచా, భీమిలి బీచా అన్న మాట శనివారం రాత్రి అన్నాల దగ్గరే మొదలైపోయేది.

అమ్మది ఎప్పుడూ ఆర్కే. నాన్నది ఎప్పుడూ భీమిలి. దాని గురించి ఇద్దరూ గొంతు పెంచి వాదించుకోగా నేను చూడలేదు. "ఇంత దగ్గర్లో సముద్రం ఎట్టుకుని అంత దూరం ఎందుకండీ" అనేది అమ్మ. "పొద్దస్తమానం చూసే సముద్రమే కదే అది" అనేవాడు నాన్న. అక్కడితో ఆగిపోయేది. ఏది ఖాయమైందో మాకెవరూ చెప్పేవారు కాదు. మేమే వాసన పట్టేవాళ్ళం. పొద్దున్న లేచేసరికి ఇంగువ పోపు వాసన వస్తే అమ్మ పులిహోర కలుపుతోందన్నమాట. అంటే భీమిలి. పోపు వాసన లేకపోతే సాయంత్రం దాకా ఆగాలి. నాలుగింటికి అమ్మ గుమ్మంలో కూర్చుని మల్లెమొగ్గలు మాల కడుతూ కనిపిస్తే ఆర్కే.

తమ్ముడు, నేను దుప్పట్లోంచే ముక్కులు బయటపెట్టి చూసుకునేవాళ్ళం. "ఇంగువే అక్కా" అని వాడు గుసగుసగా అన్నాడంటే నిద్ర ఎగిరిపోయేది.

*

ఆర్కేకి నడిచే వెళ్ళేవాళ్ళం. రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఎదురుగా ఉండబట్టి అది రామకృష్ణా బీచ్. అలా పూర్తిగా పలికినవాళ్ళని నేను పెద్దగా ఎరగను. అందరికీ ఆర్కేనే. కుడిచేతి వైపు వెనక్కి తిరిగి చూస్తే యారాడ కొండ సముద్రంలోకి ముక్కు చాపుకుని ఉండేది. దాన్ని డాల్ఫిన్ నోస్ అంటారని బళ్ళో చెప్పేదాకా మాకు తెలీదు. చీకటి పడ్డాక దాని మీది లైట్‌హౌస్ వెలుగు ఒక్కసారి మమ్మల్ని తడిమి వెళ్ళేది. మళ్ళీ ఎప్పుడొస్తుందా అని నేనూ తమ్ముడూ ఒకటి, రెండు లెక్కపెట్టేవాళ్ళం.

ఆర్కే అంటే నాకు ముందు గుర్తొచ్చేది చప్పుళ్ళు. మురీ మిక్చర్ అమ్మే అతను డబ్బాలో గరిటె తిప్పుతూ అంచు మీద టకటకటక కొట్టేవాడు. ఉల్లిపాయ ముక్కలు, వేరుశనగపప్పు, నిమ్మరసం పడ్డప్పుడల్లా ఆ టకటక లయ మారేది. బెలూన్లు కొట్టే గాలి తుపాకీ ఠప్పుమనేది. చేత్తో తిప్పే రంగులరాట్నం కిర్రుమంటూ తిరిగేది. వీటన్నిటి వెనకాల అలల హోరు ఉన్నా అది చెవికి ఆనేది కాదు. ఎవరైనా ఒక్క క్షణం అన్నీ ఆపేస్తే గానీ సముద్రం వినిపించదేమో అనిపించేది.

అమ్మది చీపురుపల్లి దగ్గర పల్లె. పెళ్ళయి వచ్చేదాకా సముద్రం చూడలేదు. మొదటిసారి నాన్న తీసుకొచ్చి చూపించింది ఆర్కేలోనే. ఆవిడకి సముద్రం కంటే ఎక్కువగా ఆ జనం నచ్చారు. "ఇంతమంది పని మానుకుని కూకుని నవ్వతా ఉంటే చూడ్డానికి ఎంత బాగుంటాదో" అనేది. కార్తీకంలో స్నానాలకీ, శివరాత్రి మర్నాటి స్నానానికీ ఇరుగుపొరుగు ఆడవాళ్ళని వెంటేసుకుని చీకటితోనే బయల్దేరేది. అరటిదొప్పల్లో దీపాలు వదిలితే రెండు అలలకే ఆరిపోయేవి. అయినా మళ్ళీ ఏడాది అన్ని దీపాలూ పట్టుకెళ్ళేది.

నాన్న మాత్రం ఆర్కేలో సముద్రం వైపు చూసేవాడు కాదు. పిట్టగోడ మీద కూర్చునేవాడు, ముఖం రోడ్డు వైపు, వీపు సముద్రం వైపు. ఎర్ర బస్సులు, రిక్షాలు, ఆశ్రమం గేటు, అవే చూస్తూ బీడీ కాల్చుకునేవాడు. మేం తడిసి వచ్చి చేయి పట్టుకు లాగినా దిగేవాడు కాదు. అలసిపోయి ఉంటాడులే అనుకునేదాన్ని.

ఇంకొకటి కూడా ఉండేది. అమ్మ ఎప్పుడూ ఒక్క చోటి మెట్లే దిగేది. పక్కన ఇంకా దగ్గరగా వేరే మెట్లు ఉన్నా అటు వెళ్ళేది కాదు. దిగుతూ పెదాలు కదిపేది. నామం చదువుకుంటోందని అనుకునేదాన్ని. ఇసుకలో కాలు పెట్టాక తలెత్తి పైనున్న నాన్నని ఒకసారి చూసేది. ఒక్కోసారి నవ్వేది, ఒక్కోసారి నవ్వేది కాదు.

*

నీళ్ళ దగ్గర నాన్న మాటకి తిరుగులేదు. మోకాలు దాటకూడదు. ఆర్కే అయినా, భీమిలి అయినా అంతే. అంతకంటే ముఖ్యంగా ఒక సంగతి మాకు చిన్నప్పుడే నూరిపోశాడు. అలలు వరసగా విరిగి నురగ వచ్చే చోటు చూసి జనం భయపడతారు. రెండు నురగల మధ్య ఒక పాయ నున్నగా, అలలే లేనట్టు కనిపిస్తుంది. హాయిగా ఉందని అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే. కాళ్ళ కింద ఇసుకతో సహా మనిషిని లాక్కుపోతుంది. "నురగ లేని చోటుని నమ్మకండి" అనేవాడు. ఒకవేళ లాగేస్తే ఒడ్డు వైపు ఈదొద్దు, అలిసిపోతారు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి, ఆ పాయ దాటాక అలే తెచ్చి పడేస్తుంది అని చెప్పేవాడు. ఈ తీరంలో ప్రతి ఏడాదీ సెలవులకొచ్చిన పిల్లలు కొట్టుకుపోయారన్న వార్త చదివినప్పుడల్లా ఆ రెండు మాటలూ వాళ్ళకి ఎవరైనా చెప్పి ఉంటే అని గుండె కలుక్కుమంటుంది. అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను. మీ పిల్లలకి చెప్పండి.

*

భీమిలికి బస్సు. ఆనందపురం, తగరపువలస మీదుగా ఊగుతూ ఊగుతూ వెళ్ళేది. పులిహోర గిన్నె అమ్మ ఒళ్ళో, నీళ్ళ కూజా నాన్న కాళ్ళ మధ్య. కిటికీ సీటు వెళ్ళేటప్పుడు నాది, వచ్చేటప్పుడు తమ్ముడిది. వచ్చేటప్పుడు వాడు ఎలాగూ నిద్రపోయేవాడు కాబట్టి రెండుసార్లూ నాదే.

బస్సు దిగి గంటస్తంభం దాటి కిందికి నడిస్తే ఊరంతా ఎప్పుడో నిద్రలోకి జారుకున్నట్టు ఉండేది. పెద్ద పెద్ద చెట్లు, పాత బంగళాల పెంకులు, మూసేసిన కిటికీలు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చి ఇక్కడ వర్తకం పెట్టుకున్నారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. డచ్చివాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. కొన్ని గోపురాల్లా కోసుగా, మనిషి కంటే ఎత్తుగా లేచి ఉంటాయి. తమ్ముడికి వాటిని చూస్తే భయం. నాకు ఆ రాళ్ళ మీద చెక్కిన అక్షరాల్లో వేలు పెట్టి గీసుకుంటూ పోవడం ఇష్టం. ఎక్కడో పుట్టి, ఈ ఇసుకలో కలిసిపోయిన మనుషులు. వాళ్ళ అమ్మలకి ఈ సంగతి ఎన్నాళ్ళకి తెలిసి ఉంటుందా అని అప్పుడే అనిపించేది.

గోస్తనీ నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా దిగి, అంత దూరం నడిచి వచ్చిన ఏరు చివరికి వచ్చేసరికి తొందరేం లేనట్టు ఇసుకలో అటూ ఇటూ పొర్లి మెల్లగా సముద్రంలోకి జారేది. ఒక పక్క ఏటి నీళ్ళు, ఒక పక్క ఉప్పు నీళ్ళు. కలిసే చోట రెండు రంగుల మధ్య గీత కనిపించేది. ఆ గీత మీద నిలబడి ఒక కాలు చల్లగా, ఒక కాలు వెచ్చగా ఉందని నేను అరిస్తే తమ్ముడు నమ్మేవాడు కాదు.

అలివి వల లాగడం చూసింది కూడా అక్కడే. జాలర్లు తెప్ప మీద వెళ్ళి పెద్ద వలని సముద్రంలో అర్ధచంద్రంలా వేసి వచ్చేవాళ్ళు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉండేవి. ఒక్కో తాడుకీ పదిహేను ఇరవై మంది. మడమలు ఇసుకలో దిగేసి, వెనక్కి వాలిపోయి, హైలెస్సా హైలెస్సా అంటూ ఒక్కో అడుగే లాగేవాళ్ళు. లాగేకొద్దీ రెండు వరసలూ దగ్గరవుతూ వచ్చేవి. చివర్లో సంచీ ఒడ్డెక్కగానే కవ్వళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు వెండి నాణేలు గుమ్మరించినట్టు ఎగిరెగిరి పడేవి. నాన్న లుంగీ ఎగ్గట్టి వాళ్ళతో కలిసి తాడు పట్టేవాడు. ఎవరూ ఎవరు నువ్వని అడిగేవాళ్ళు కాదు. అయిపోయాక ఒక ముసలాయన రెండు దోసిళ్ళ నెత్తళ్ళు అమ్మ గిన్నెలో పోసేవాడు. పులిహోర తిన్న గిన్నెలో నెత్తళ్ళు ఇంటికొచ్చేవి.

భీమిలిలో నాన్న వేరే మనిషి. ఆర్కేలో కాలు తడుపుకోనివాడు ఇక్కడ గంటసేపు నీళ్ళలోంచి బయటకొచ్చేవాడు కాదు. వెల్లకిలా తేలుతూ, కళ్ళు మూసుకుని, పొట్ట మీద చేతులు పెట్టుకుని ఉండేవాడు. చూసేవాళ్ళకి మంచం మీద పడుకున్నట్టే ఉండేది.

*

నాకు పదేళ్ళప్పుడో, పదకొండప్పుడో గుర్తులేదు. భీమిలిలో ఏటి ఒడ్డున కూర్చుని అడిగాను, "నాన్నా, ఆర్కేలో ఎందుకు దిగవు?" అని.

నాన్న ఏమీ అనలేదు. లేచి వెళ్ళి కొట్టుకొచ్చిన సరుగుడు పుల్ల ఒకటి తెచ్చాడు. ఏరు పల్చగా, చెయ్యంత లోతు కూడా లేకుండా పారుతున్న చోట ఆ పుల్లని అడ్డంగా గుచ్చాడు. "చూస్తా ఉండు" అన్నాడు. నీళ్ళతో పాటు అడుగున సన్నటి ఇసుక కదులుతూ వస్తోంది. కాసేపటికి పుల్లకి ఇవతల ఇసుక మేట వేసింది. అవతల గుంట పడింది. గుంట పెద్దదవుతోంది.

"ఇవతల మన యారాడ కొండ, హార్బరు. ఆ గుంట ఆర్కే" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు దక్షిణం నుంచి వాలుగా వస్తాయి. వస్తూ ఇసుకని ఉత్తరానికి తోసుకుంటూ పోతాయి. చలిగాలుల కాలంలో కొన్నాళ్ళు కాస్త వెనక్కి తోసినా, మొత్తం మీద ఇసుక నడిచేది ఉత్తరానికే. సముద్రపు ఒడ్డు మనకి నిలకడగా కనిపిస్తుంది గానీ, అది నడుస్తూ ఉంటుంది. పక్క నుంచి వచ్చే ఇసుక, పక్కకి పోయే ఇసుక సమానంగా ఉన్నన్నాళ్ళూ ఒడ్డు అలాగే ఉంటుంది. మధ్యలో ఓడల కోసం రాళ్ళ కట్టలు కడితే ఇసుక అక్కడ ఆగిపోతుంది. 1976లో ఔటర్ హార్బరు తెరిచారు. దక్షిణం వైపు మేట, ఉత్తరం వైపు కోత. అందుకే ఆ మేటని తవ్వి, కట్టలు దాటించి, ఇవతల పొయ్యాలి. సముద్రం తన పని తాను చేసుకోలేకపోతే మనిషి చేత్తో చేస్తున్నాడన్నమాట. పోసింది అక్కడే ఉండిపోదు. అలలు మళ్ళీ ఉత్తరానికి తోసేస్తాయి. మళ్ళీ పొయ్యాలి. ప్రతి ఏడాదీ.

"ఇక్కడయితే ఎవరూ పొయ్యక్కర్లేదు. దానంతటదే వస్తాది" అన్నాడు. పుల్ల పీకేశాడు. నేను చూస్తుండగానే గుంట పూడిపోయింది.

*

ఒకసారి నాన్న ఇరవై రోజులు వరసగా రాత్రి డ్యూటీలు చేశాడు. పొద్దున్న వచ్చేసరికి కనుబొమల్లో కూడా నల్ల ఇసుక. స్నానానికి అమ్మ రెండు బకెట్లు వేడినీళ్ళు పెట్టేది. మా స్నానాల గది తూములో ఎప్పుడూ గవ్వ ముక్కలు అడ్డం పడేవి. సముద్రం అడుగు నుంచి పీల్చిన ఇసుకలో విరిగిన గవ్వలు, నత్త చిప్పలు ఎక్కువ. పోసినప్పుడు బురదలా నల్లగా ఉండి కంపు కొడుతుంది. ఎండ తగిలి, వాన తగిలి, కొన్నాళ్ళకి నలుపు విరిగి మామూలు ఇసుక రంగుకొస్తుంది. అప్పుడొచ్చి కూర్చునే జనానికి అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు.

ఆ ఇరవై రోజులూ అయ్యాక వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఈదురుగాలి, వాన. మూడోరోజు నాన్న సైకిలేసుకుని వెళ్ళి వచ్చాడు. అన్నం ముందు కూర్చున్నాడు గానీ కలపలేదు. అమ్మ పక్కన నిలబడి విసనకర్రతో విసురుతూనే ఉంది. చివరికి "మొత్తం పోయిందే" అన్నాడు. చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ వారం సెలవు ఆదివారమే పడింది. నేను ఇంగువ కోసం చూశాను. రాలేదు. సాయంత్రం అమ్మ మల్లెపూలు పెట్టుకుంది. నాన్న "నేను రాను" అన్నాడు. అమ్మ చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది.

వెళ్ళాం. ఎప్పుడూ దిగే మెట్ల దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఈసారి పైకి వినపడేలా లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... పదకొండు. నేనెప్పుడూ చూడని మెట్లు అవి. కిందివి నాచు పట్టి జారుతున్నాయి. ఇసుక ఉండాల్సిన చోట రాళ్ళు తేలి ఉన్నాయి.

"మొన్న నాలుగే ఉండీవి. మీ నాన్న పోశాక" అంది అమ్మ.

ఇన్నేళ్ళూ ఆవిడ పెదాలు కదిపింది దీనికేనని అప్పుడు తెలిసింది. ఎన్ని మెట్లు ఇసుకలో మునిగితే అంత ఇసుక ఉన్నట్టు. ఆర్కేకి వచ్చినప్పుడల్లా నాన్న పని ఎంతవరకు నిలిచిందో చూసుకునేది. ఆ జనమంతా కూర్చున్నది, పిల్లలు గూళ్ళు కట్టుకున్నది, మురీ మిక్చర్ పొట్లాలు విప్పుకున్నది ఆయన పోసిన ఇసుక మీద. భీమిలిలో ఆవిడకి అది ఉండేది కాదు. నాన్నకి ఇక్కడ ప్రతి మెట్టూ కరిగిపోయిన రాత్రుళ్ళలా కనిపించేది. అందుకే వీపు తిప్పి కూర్చునేవాడు.

ఆ రోజు అమ్మ మెట్లెక్కి పైకి వచ్చి నాన్న పక్కన పిట్టగోడ మీద కూర్చుంది. మురీ మిక్చర్ పొట్లం ఒకటే కొని ఆయన చేతిలో పెట్టింది. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ తిన్నారు.

*

2002లో కుర్సురా సబ్‌మెరైన్‌ని మ్యూజియం చేయడానికి ఒడ్డుకి లాక్కొచ్చినప్పుడు నాన్న రోజూ వెళ్ళి చూసేవాడు. అప్పటికి నేను హైదరాబాద్‌లో ఉన్నాను. 91 మీటర్ల ఇనుము, నేవీలో 31 ఏళ్ళు తిరిగింది, నీళ్ళలోంచి ఇసుక మీదకి అంగుళం అంగుళం ఎక్కుతోందని ఫోన్లో చెప్పేవాడు. ఏ తాడు ఎటు కట్టారో, ఎక్కడ ఇసుక తోడారో అన్నీ చెప్పేవాడు. నాన్న అంత సంతోషంగా ఆర్కే గురించి మాట్లాడడం అదే మొదటిసారి. మ్యూజియం తెరిచాక నేను వెళ్తే టికెట్ కొని లోపలికి తీసుకెళ్ళాడు. ఆ ఇరుకు గదులు, మనిషి ఒళ్ళు తిప్పుకోలేని పడకలు చూసి నాకు ఊపిరాడలేదు. నాన్న ప్రతి గొట్టం దగ్గరా ఆగి బోల్టుల మీద చెయ్యి వేసి చూశాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఫోన్లు పోయాయి. మూడు రోజులు నాకు అమ్మానాన్నల కబురు లేదు. ఆ మూడు రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. తమ్ముడు ఎలాగో పడిపోయిన చెట్లన్నీ దాటుకుంటూ ఇంటికి చేరేసరికి అమ్మ ఒక్కతే ఉంది. నాన్న బీచ్‌కి వెళ్ళాడట. డెబ్బై దగ్గరపడుతున్న మనిషి, కరెంటు లేదు, నీళ్ళు లేవు, రోడ్డంతా రేకులు, స్తంభాలు. తమ్ముడు వెతుక్కుంటూ వెళ్తే పిట్టగోడ చాలా మటుకు కూలిపోయి ఉంది. మిగిలిన ముక్క మీద నాన్న కూర్చున్నాడు, సముద్రం వైపు తిరిగి.

"ఎంత పోయింది నాన్నా?" అని అడిగాడట వాడు.

"లెక్కెట్టడానికి మెట్లు లేవురా" అన్నాడట.

ఆ తర్వాత కొన్నేళ్ళకి నడవడం తగ్గింది. తమ్ముడు బీచ్ మీదుగా ఆఫీసుకి వెళ్తాడు. వాడు ఇంటికి రాగానే నాన్న అడిగే మొదటి ప్రశ్న అన్నం తిన్నావా అని కాదు. "పోస్తున్నారేటిరా?"

*

సంవత్సరీకం అయిన మర్నాడు చుట్టాలు వెళ్ళిపోయారు. పిల్లలు బీచ్ అన్నారు. తమ్ముడి కూతురు రుషికొండ అంది. 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది అత్తా, అది శుభ్రమైన బీచ్‌లకిచ్చే గుర్తింపు, నీట్‌గా ఉంటుంది అని నాకు వివరంగా చెప్పింది. మా అబ్బాయి ఆర్కే అన్నాడు, వాడికి సబ్‌మెరైన్, దాని ఎదురుగా పెట్టిన టీయూ-142 విమానం చూడాలి. వాదన పెరిగింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి "భీమిలి పోదాం" అంది.

తమ్ముడూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆవిడ నోట ఆ ఊరు పేరు మేమెప్పుడూ వినలేదు. వంటింట్లో ఇంగువ వాసన వస్తోంది.

ఇప్పుడు కార్లో బీచ్ రోడ్డు మీదుగానే వెళ్ళిపోవచ్చు. రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. మా బస్సు ప్రయాణానికి పట్టిన సమయంలో సగం కూడా పట్టలేదు. అలివి వల లాగేవాళ్ళు ఆ రోజు కనపడలేదు. ఫైబర్ బోట్లు వరసగా ఒడ్డు మీద ఉన్నాయి. గోస్తని మాత్రం అలాగే, తొందర లేకుండా వస్తోంది.

అమ్మ ఏటి ఒడ్డున కూర్చుంది. పిడికెడు ఇసుక తీసుకుని, వేళ్ళ మధ్య నుంచి కొంచెం కొంచెం వదిలింది. ఇంకో పిడికెడు తీసి అరచేతిలో పరిచి, వేలితో అటూ ఇటూ జరిపి చూసింది. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు అలా చూసేది. చాలాసేపు చూసింది.

"ఇందులో గవ్వలు లేవు" అంది. "మీ నాన్నదయితే కాళ్ళకి గుచ్చుకునేది."

నీళ్ళలోకి దిగమని నేను అడగలేదు. ఆవిడే చీర కాస్త ఎత్తిపట్టుకుని చీలమండల దాకా దిగి, నాన్న తేలే చోటు వైపు చూస్తూ నిలబడింది. అల వెనక్కి వెళ్ళినప్పుడల్లా కాళ్ళ కింద ఇసుక జారుతుంటే ఒక్కో అంగుళం కిందికి దిగింది. నేను పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నాను.

తిరిగొచ్చేసరికి చీకటి పడింది. ఆర్కే దగ్గర జనం, లైట్లు, కార్ల హారన్లు. అమ్మ తమ్ముడి భుజం తట్టి "ఇక్కడ ఆపు" అంది. మోకాళ్ళ నొప్పి, దిగలేదు. కిటికీ అద్దం దింపింది. రెండ్రోజుల కిందటి వాసన ఇంకా కొద్దిగా ఉంది. మనవరాలిని పిలిచి, మళ్ళీ కట్టిన మెట్లలో ఫలానావి అని చేత్తో చూపించింది.

"ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కెట్టి రా అమ్మా."

పిల్లకి ఏమీ అర్థం కాలేదు. ఫోన్ లైటు వేసుకుని పరిగెత్తింది. మెట్లు దిగుతూ లెక్కపెట్టడం, ఆఖరి మెట్టు మీద ఆగి కాలితో ఇసుక తడమడం కార్లోంచి కనిపించింది. రొప్పుతూ వచ్చి కిటికీ పట్టుకుంది.

"ఆరు, నానమ్మా. ఏడోది సగం మునిగిపోయింది."

"అయితే రేపటికి ఐదు" అంది అమ్మ. "ఇంకా పోస్తన్నారు కదా." అద్దం ఎత్తకుండానే కూర్చుని, "పోనీరా బాబూ" అంది తమ్ముడితో.